పారిస్ ఒప్పందంలో మన ఆర్కాటు

1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో ఇంగ్లండు, ఫ్రాన్సు, స్పెయిను రాయబారులు ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఏడేళ్ల యుద్ధం దానితో ముగిసింది. కెనడా ఎవరికి, ఫ్లోరిడా ఎవరికి, వెస్టిండీస్‌లో ఏ దీవి ఎవరికి అని పంచుకున్న కాగితం అది. దాని పదకొండో నిబంధనలో మన వైపు సంగతి ఉంది. ఆర్కాటు నవాబు మహమ్మదాలీయే కర్ణాటకానికి అసలైన నవాబని ఇంగ్లండు, ఫ్రాన్సు ఒప్పుకున్నాయి. దక్కనుకు సుబేదారు సలాబత్ జంగని కూడా అక్కడే రాసుకున్నారు. తమాషా ఏమంటే, ఆ సలాబత్ జంగును అంతకుముందు ఏడాదే తమ్ముడు నిజాం అలీ గద్దె దింపి బీదరు కోటలో బంధించాడు. ఖైదులో ఉన్న మనిషికి పారిస్‌లో సుబేదారీ కట్టబెట్టారన్నమాట. పాపం, అదే ఏడాది ఆయన ఆ కోటలోనే పోయాడు.

ఈ రోజు నేను చెప్పబోయేది విశ్వవిద్యాలయంలో ఆధునిక ఐరోపా చరిత్ర, రాజకీయాలు చదవడం గురించి. చెప్పేది మాత్రం కార్వేటినగరం వైపు నుంచి. ఈ ఊరి పేరు వింటే వేణుగోపాలస్వామి గుడి గుర్తొస్తుంది, స్కంద పుష్కరిణి గుర్తొస్తుంది. సంగీతం తెలిసినవాళ్లకు సారంగపాణి పదాలు, గోవిందసామయ్య వర్ణాలు గుర్తొస్తాయి. ఇక్కడి డైట్‌లో చదివి పంతుళ్లయినవాళ్లకు చదువుకున్న రోజులు గుర్తొస్తాయి. ఐరోపా మాత్రం ఎవరికీ గుర్తు రాదు. రావాలంటాను నేను.

ఎందుకంటే, ఆ ఒప్పందం రాసుకున్న నాటికి కార్వేటినగరం ఆర్కాటు నవాబుకు పేష్కస్ కట్టే పాళెం. ఇక్కడి ప్రభువులను ఇంగ్లీషువాళ్లు బొమ్మరాజు అని పిలిచారు. సంస్థానాన్ని బొమ్మరాజు పాళెమని రాసుకున్నారు. రాబర్ట్ ఓర్మ్ అనే కంపెనీ చరిత్రకారుడు కర్ణాటక యుద్ధాల గురించి పెద్ద గ్రంథం రాశాడు. పాలారుకు ఉత్తరాన ఉన్న ముఖ్యమైన పాళెగాళ్లెవరంటే ఆయన చెప్పే పేర్లు మూడు: వెంకటగిరి యాచమనాయుడు, కాళహస్తి దామెర్ల వెంకటప్పనాయుడు, మన బొమ్మరాజు. ఆ గ్రంథం మొదటి సంపుటం లండన్‌లో అచ్చయింది కూడా 1763లోనే. అక్కడ దాన్ని తిరగేసినవాళ్లకు ఈ కొండల నడుమ పాళెగాళ్ల పేర్లు తెలిశాయి. ఇక్కడ పొలం దున్నుకునే రైతుకు మాత్రం ఏడేళ్ల యుద్ధమని ఒకటి జరిగినట్టే తెలియదు. దాని ఖర్చు కిస్తు రూపంలో కట్టింది మాత్రం ఆయనే.

కొంచెం వెనక్కి పోదాం. 1740లో ఆస్ట్రియా సింహాసనం ఎవరికి దక్కాలన్న తగవు ఐరోపాలో మొదలైంది. అదే 1740లో, మే నెలలో, మన దామలచెరువు కనుమలో మరాఠాలు ఆర్కాటు నవాబు దోస్త్ అలీని చంపారు. అప్పటికి ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆరేళ్లు గడిచేసరికి రెండూ ముడిపడిపోయాయి. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు. 1748లో ఎక్స్-లా-షపేల్ అనే ఊళ్లో రాజీ కుదిరింది. ఆ రాజీలో మద్రాసు మళ్లీ ఇంగ్లీషువాళ్లకు వచ్చింది. దానికి బదులు కెనడా తీరంలో లూయీబూర్ అనే కోట ఫ్రెంచివాళ్లకు పోయింది. కోటకు కోట, మారు బేరం. ఆ మరుసటి ఏడాది ఆంబూరు దగ్గర ఇంకో నవాబు, అన్వరుద్దీన్, యుద్ధంలో పోయాడు. 1751లో క్లైవు ఆర్కాటు కోటలో తిష్ఠ వేశాడు. 1760లో వందవాసి యుద్ధం, 1761లో పాండిచ్చేరి పతనం. ఆ ఇరవై ఏళ్లూ మన పాళెగాళ్ల ముందున్న ప్రశ్న ఒక్కటే: ఈ ఏడు పేష్కస్ ఎవరికి కట్టాలి? జవాబు కొంత ఆర్కాటులో తేలేది, కొంత పాండిచ్చేరిలో, కొంత ఐరోపా రాజధానుల్లో.

ఇక్కడ ఒక పక్క మాట. పాండిచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా తమిళంలో డైరీ రాశాడు. ఫ్రెంచి గవర్నరు పొద్దున ఏ మూడ్‌లో ఉన్నాడన్న దగ్గర నుంచి ఓడలో ఏ కబురొచ్చిందన్నదాకా అందులో ఉంటుంది. ఐరోపా యుద్ధాన్ని మన కళ్లతో చూసి రాసిన పుస్తకాలు చాలా అరుదు. ఇది అలాంటిది. మన సాహిత్యం చదివినవాళ్లకు ఆ పిళ్లై ఇంకో విధంగా తెలుసు. కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అంకితం ఇచ్చింది ఆయనకే. తెలుగు ఎం.ఏ. వాళ్లు ఆయన్ను కృతిభర్తగా చదువుతారు, చరిత్ర ఎం.ఏ. వాళ్లు దుబాసీగా చదువుతారు. రెండు తరగతి గదులూ ఒకే మేడ మీద ఉన్నా ఆ ఇద్దరూ ఒకరేనన్న మాట ఎవరూ చెప్పరు.

హైదరాలీ సంగతికి వద్దాం. 1780లో ఆయన కర్ణాటకం మీద పడ్డాడు. ఊళ్లు తగలబడ్డాయి. 1782 డిసెంబరు 7న చిత్తూరుకు దగ్గర్లోని నరసింగరాయనిపేటలో, దండు నడుమ, ఆయన చనిపోయాడు. అప్పుడు సముద్రం మీద సుఫ్రాన్ నడిపే ఫ్రెంచి నౌకాదళం ఇంగ్లీషు ఓడలతో పోరాడుతోంది. ఎందుకు? అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రాన్సు అమెరికా పక్షాన దిగింది కాబట్టి. వాషింగ్టన్ సేన గెలుపు, చిత్తూరు పక్కన హైదరాలీ చావు ఒకే యుద్ధంలో రెండు కొసలు. మన బీఏ పుస్తకాల్లో మాత్రం మొదటిది అమెరికా చరిత్ర పేపర్లో ఉంటుంది, రెండోది భారతదేశ చరిత్ర పేపర్లో ఉంటుంది. ఐరోపా చరిత్ర పేపర్లో రెండూ ఉండవు.

ఈ కథలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇంకొకటుంది. రాజనీతిశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఎడ్మండ్ బర్క్ పేరు తెలుసు. ఫ్రెంచి విప్లవాన్ని తిట్టి 1790లో పుస్తకం రాసినవాడు, సంప్రదాయవాదానికి పెద్ద దిక్కు అని నోట్సులో రాసుకుంటారు. అదే బర్క్ అంతకు అయిదేళ్ల ముందు, 1785 ఫిబ్రవరి 28న, ఇంగ్లండు పార్లమెంటులో చాలా దీర్ఘమైన ప్రసంగం చేశాడు. విషయం ఆర్కాటు నవాబు అప్పులు. పాల్ బెన్‌ఫీల్డ్ లాంటి కంపెనీ ఉద్యోగులు నవాబుకు వడ్డీలకిచ్చి, ఆ వడ్డీల కింద కర్ణాటకం రెవిన్యూ రాయించుకున్నారు. ఆ డబ్బుతో లండన్‌లో పార్లమెంటు సీట్లు సంపాదించారు. హైదరాలీ దండయాత్రలో ఈ నేల ఎలా పాడుబడిందో బర్క్ ఆ ప్రసంగంలో వర్ణించిన తీరు ఇంగ్లీషు వచనంలో పేరు పడ్డ ఘట్టాల్లో ఒకటి. మరి బర్క్‌ను మన పిల్లలకు ఫ్రాన్సు దారిలోనే ఎందుకు పరిచయం చేస్తాం? ఆర్కాటు దారిలో తీసుకొస్తే ఆయన పొరుగూరి సంగతి మాట్లాడిన మనిషిగా వస్తాడు. తర్వాత ఫ్రెంచి విప్లవం మీద ఆయన కోపం కూడా ఇంకా బాగా అర్థమవుతుంది. పాత వ్యవస్థలను కూలగొట్టి కొత్తగా డబ్బు చేసుకున్నవాళ్లు రాజ్యమేలితే ఏమవుతుందో ఆయన ముందు మన కర్ణాటకంలో చూశాడు, తర్వాత పారిస్‌లో చూశాననుకున్నాడు. పారిస్ విషయంలో ఆయన పూర్తిగా సరిగ్గా చూశాడని నేననను. చూసిన అద్దం మాత్రం ఇక్కడిదే.

ఇక నెపోలియన్. 1798లో ఆయన ఈజిప్టులో దిగాడు. గవర్నర్ జనరల్ వెల్లస్లీకి అది భయమూ అయింది, మంచి సాకూ అయింది. ఆ ఏడాదే నిజాం దగ్గరున్న ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయించాడు. 1799లో శ్రీరంగపట్నం పడింది, టిప్పు పోయాడు. 1800లో నిజాం నుంచి బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు దత్తమండలాలుగా కంపెనీకి చేరాయి. టిప్పుతో ఉత్తరాలు నడిపారన్న ఆరోపణ మీద 1801లో ఆర్కాటు నవాబు చేతుల్లోంచి కర్ణాటకాన్ని లాక్కున్నారు. 1802లో కార్వేటినగరం, కాళహస్తి, వెంకటగిరి పాళెగాళ్లకు శాశ్వత సన్నదులిచ్చి జమీందార్లను చేశారు. ఆయుధాలు పోయాయి, పేష్కస్ మిగిలింది. అటు మదనపల్లె వైపు దత్తమండలాల్లో మన్రో రైత్వారీ నడిచింది. ఇటు కార్వేటినగరం వైపు జమీందారీ నడిచింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా అంతే. 1911లో ఈ రెండు రకాల నేలనూ కలిపి చిత్తూరు జిల్లా చేశారు. ఇప్పటికీ పాత భూమి కాగితాలు చూసేవాళ్లకు ఏ ఊరు ఎటువైపుదో ఇట్టే తెలిసిపోతుంది. ఆ తేడా వెనక నైలు నది ఒడ్డున దిగిన ఒక ఫ్రెంచి సేనాని నీడ కూడా ఉంది.

ఇప్పుడు తరగతి గదిలోకి వద్దాం. నేను డిగ్రీ పిల్లలకు ఈ పేపరు చెప్పినవాణ్ణి, వాళ్ల జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి. 'ఫ్రెంచి విప్లవమునకు గల కారణములను వివరింపుము.' ఈ ప్రశ్నకు రాజకీయ కారణాలు, సాంఘిక కారణాలు, ఆర్థిక కారణాలు, మేధావుల ప్రభావం అని నాలుగు సైడ్ హెడ్డింగులు, వాటి కింద గీతలు. గైడులో ఉన్నది ఉన్నట్టు దించేస్తారు. బిస్మార్క్ మీద ప్రశ్న వస్తే 'రక్తము, ఉక్కు' తప్పకుండా ఉంటుంది. ఏ యుద్ధం ఎవరితో చేశాడో మాత్రం తారుమారవుతుంది. తప్పు పిల్లలది కాదు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనంతో మొదలుపెట్టి 1945 దాకా అయిదు వందల ఏళ్లను ఒక్క పేపర్లో కుక్కితే మిగిలేది ఇంపార్టెంట్ల జాబితానే. పటం లేకుండా చెప్పే పాఠం ఇంకా ఘోరం. ప్రష్యా ఎక్కడుందో, అది ఇప్పుడు ఏ దేశాల్లో కలిసిపోయిందో తెలియకుండా జర్మనీ ఏకీకరణ చదవడం ఎందుకు?

1815 వియన్నా కాంగ్రెసునే తీసుకోండి. మెటర్నిక్, న్యాయబద్ధతా సూత్రం, ఐరోపా సమతౌల్యం, అంతటితో సరి; మన తీరం ఊసే రాదు. ఫ్రాన్సు ప్రభావం కిందికి పోయిన హాలెండు వలస స్థావరాలను ఇంగ్లీషువాళ్లు 1795లో ఆక్రమించారు. అందులో మన పులికాటూ ఉంది. నెపోలియన్ ఓడిపోయాక 1818లో డచ్చివాళ్లకు తిరిగిచ్చారు. 1824లో లండన్‌లో ఇంకో ఒప్పందం చేసుకున్నాక, మరుసటి ఏడాది పులికాటు, భీమునిపట్నం, జగన్నాథపురం ఇంగ్లీషువాళ్లకే వచ్చేశాయి. సూళ్లూరుపేట పిల్లవాడికి వియన్నా ఇలా చెబితే మర్చిపోతాడా?

హర్మన్స్‌బర్గ్ కథ వినండి. హర్మన్స్‌బర్గ్ జర్మనీలో, అప్పటి హనోవర్ రాజ్యంలో ఒక పల్లె. 1849లో అక్కడ లూథరన్ మిషన్ ఒకటి పుట్టింది. 1860ల నడుమ ఆ మిషనరీలు మన నాయుడుపేట, సూళ్లూరుపేట, తిరుపతి వైపుకొచ్చి బడులు పెట్టారు. వాళ్లు వచ్చిన కొద్దికాలానికే, 1866లో, బిస్మార్క్ యుద్ధం చేసి హనోవర్‌ను ప్రష్యాలో కలిపేసుకున్నాడు. ఇక్కడ ఎండలో తెలుగు అక్షరాలు దిద్దుకుంటున్న పాదిరికి సొంత దేశం పటంలోంచి చెరిగిపోయింది. 1871లో జర్మన్ సామ్రాజ్యం వచ్చింది. 1914లో ప్రపంచ యుద్ధం రాగానే వీళ్లు శత్రుదేశస్థులయ్యారు. బ్రిటిషు ప్రభుత్వం వాళ్లను నిర్బంధించి వెనక్కి పంపింది. వాళ్ల పనిని అమెరికాలోని ఒహాయో లూథరన్లు అందుకున్నారు. బిస్మార్క్ పాఠం, మొదటి ప్రపంచ యుద్ధం పాఠం రెండూ తిరుపతిలో ఒక బడి గోడ పక్క నిలబడి చెప్పొచ్చు.

ఆ బడిలో 1896లో తిరుత్తణి పిల్లవాడొకడు చేరాడు. పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్. అప్పటికి తిరుత్తణి కార్వేటినగరం జమీందారీలో భాగం. ఆయన్ను తత్త్వవేత్తగా, రాష్ట్రపతిగా అందరూ తలుచుకుంటారు. సెప్టెంబరు 5న ఉపన్యాసాలన్నీ ఒక్క మూసలో నడుస్తాయి. నేను తలుచుకునే రాధాకృష్ణన్ వేరు. 1930ల్లో జెనీవాలోని నానాజాతి సమితి మేధావుల సహకార సంఘంలో సభ్యుడు. 1936 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడు. అంటే హిట్లర్ చెకోస్లొవేకియాను మింగడం, చాంబర్లేన్ మ్యూనిక్ నుంచి కాగితం ఊపుకుంటూ రావడం ఇంగ్లండులో కొలువున్నవాడిగా ఎరిగిన మనిషి. 1949 నుంచి 1952 దాకా మాస్కోలో మన రాయబారి. ప్రచ్ఛన్న యుద్ధం ముదిరి, చాలామంది రాయబారులకు దర్శనమే దొరకని రోజుల్లో స్టాలిన్‌తో రెండుసార్లు ఎదురుగా కూర్చుని మాట్లాడాడు. ఆధునిక ఐరోపా రాజకీయాలను ఇంత దగ్గరగా చూసిన మనిషి ఈ జమీందారీలో పుట్టాడు. ఉపన్యాసాలకు మూస వదిలి ఇది చెప్పుకోవచ్చు కదా!

మదనపల్లెను వదిలేస్తే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. 1916లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. మద్రాసులో అనీబిసెంట్ పత్రికలో పనిచేస్తున్న ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ ఆ తిరుగుబాటుదార్లను మెచ్చుకుంటూ రాశాడు. పత్రికలో ఉద్యోగం పోయింది, మదనపల్లె కాలేజీలో పాఠాలు చెప్పే పని వచ్చింది. 1919లో టాగూరు జనగణమనను ఇంగ్లీషు చేసింది అక్కడ కజిన్స్ దంపతుల ఆతిథ్యంలో ఉన్నప్పుడే. అదే తిరుగుబాటు రోజుల్లో డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న, తర్వాత రాష్ట్రపతి అయిన మన వరాహగిరి వెంకటగిరి 1916లోనే ఆ దేశం విడిచి రావలసి వచ్చింది.

ఇంతకంటే ముఖ్యమైన పాఠం కార్వేటినగరానికి కూతవేటు దూరంలో ఉంది. అది సరిహద్దు పాఠం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి, పళ్లిపట్టు చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి. తమిళుల పక్షాన మా.పొ. శివజ్ఞానం ఉద్యమం నడిపారు. ఇటువైపు నుంచీ వాదనలు నడిచాయి. మధ్యవర్తిగా హెచ్.వి. పాటస్కర్ వచ్చారు. ఆయన పెట్టుకున్న సూత్రం సూటిగా ఉంది: తాలూకాను కాదు, గ్రామాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆ గ్రామంలో ఎక్కువమంది ఏ భాషవాళ్లో చూడాలి. గ్రామాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. ఆ ప్రకారం 1959లో చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. రాధాకృష్ణన్ అప్పుడు ఉపరాష్ట్రపతి. ఆయన పుట్టిన ఊరు రాష్ట్రం మారింది.

దీన్ని పక్కనపెట్టి 1920 ష్లెస్విగ్ చూడండి. డెన్మార్కుకూ జర్మనీకీ నడుమ ఉన్న ప్రాంతం అది. రెండు భాషలూ కలిసిన ఊళ్లు. బిస్మార్క్ 1864లో యుద్ధం చేసి లాక్కున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ప్రజలనే అడుగుదామన్నారు. ఉత్తర భాగాన్ని మొత్తం ఒకే ముద్దగా లెక్కపెట్టారు. నూటికి దాదాపు డెబ్బై అయిదు మంది డెన్మార్కు అన్నారు. అందులోని టోండర్ పట్టణం మాత్రం గట్టిగా జర్మనీ అంది. లెక్క ముద్దగా కట్టారు కాబట్టి టోండర్ కూడా డెన్మార్కుకే పోయింది. దక్షిణ భాగం జర్మనీలో ఉండిపోయింది. అంటే సరిహద్దు ఎక్కడ పడాలో ఓట్ల కంటే ముందు నిర్ణయించేది, లెక్కను ఏ ప్రమాణంలో కట్టాలన్న నిర్ణయం. ప్రాంతం మొత్తమా, తాలూకానా, గ్రామమా? పాటస్కర్ గ్రామం అన్నారు. తాలూకా అని ఉంటే పటం వేరుగా ఉండేది. ప్రజలు ఎటుండాలనుకుంటున్నారో ఓటు పెట్టి అడిగి ఉంటే ఇంకోలా ఉండేదేమో. నగరి, పళ్లిపట్టు, పుత్తూరు వైపు ఇళ్లలో అమ్మమ్మ ఒక భాష, కోడలు ఇంకో భాష మాట్లాడితే ఆ ఇంటిని ఏ గడిలో రాయాలి? ఎర్నెస్ట్ రెనాన్ అనే ఫ్రెంచి పండితుడు 1882లో ఈ మాట మీదే ఉపన్యాసమిచ్చాడు. అల్సాస్ వాళ్లు మాట్లాడేది జర్మన్ యాస, మనసు మాత్రం ఫ్రాన్సు మీద. భాషను చూసి జాతిని తేల్చకండని ఆయన వాదం. దాన్ని పారిస్‌లో చదివితే సిద్ధాంతం. పళ్లిపట్టు బస్సులో కూర్చుని చదివితే పక్క సీటు సంగతి.

డెన్మార్కు, జర్మనీ అక్కడితో ఆగలేదు. 1955లో రెండు ప్రభుత్వాలూ ప్రకటనలు చేసుకున్నాయి. ఎవరైనా నేను అల్పసంఖ్యాక భాషవాణ్ణి అని చెప్పుకుంటే చాలు, అధికారులు పరీక్షించి తేల్చనక్కర్లేదు. వాళ్ల బడులకు రెండువైపులా సాయం అందుతుంది. మనకూ రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పాలని 1956లో చేర్చారు. కాగితం మీద మన మాట వాళ్ల మాటకు తీసిపోదు. ఆచరణలో సరిహద్దు ఆవల తెలుగు బడికి, ఈవల తమిళ బడికి టీచరు పోస్టు ఖాళీ అయితే ఎన్నాళ్లకు నిండుతుందో ఆ ఊళ్లవాళ్లకు తెలుసు. తమిళనాడులో 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేశాక తెలుగు పిల్లల గొడవ కోర్టుల దాకా పోయింది. ఐరోపా రాజకీయాలు చదివిన తిరుత్తణి కుర్రాడో నగరి అమ్మాయో ష్లెస్విగ్ ప్రకటనలను ఈ సమస్య పక్కనపెట్టి ఒక పరిశోధనా పత్రం రాస్తే, అది రెండు ప్రభుత్వాలకూ పనికొస్తుంది.

రాజకీయాల పేపరు గురించి రెండు ముక్కలు. తులనాత్మక రాజ్యాంగాల్లో ఐర్లండు నుంచి ఆదేశిక సూత్రాలు, జర్మనీ వైమార్ రాజ్యాంగం నుంచి అత్యవసర పరిస్థితిలో హక్కుల నిలుపుదల అని బిట్ బ్యాంకులో ఒక్క వరుసలో ఉంటుంది. ఆ వరుసను బట్టీ పట్టి మార్కు తెచ్చుకుంటారు. వైమార్ రాజ్యాంగంలోని 48వ అధికరణాన్ని అధ్యక్షులు పదేపదే వాడి, చివరకు హిట్లర్‌కు దారి ఎలా వేశారో చదివి, ఆ తర్వాత మన 1975 నాటి అత్యవసర పరిస్థితిని చదివినవాడికి ఆ ఒక్క మార్కు వెనక ఏముందో తెలుస్తుంది. అడగాల్సిన ప్రశ్న అక్కడుంది.

'సార్, ఇది చదివితే ఉద్యోగమొస్తుందా?' తల్లిదండ్రులు అడిగేది ఇదే. అడగడంలో తప్పు లేదు. సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్‌లో 2013 నుంచి ప్రపంచ చరిత్ర ఉంది: పారిశ్రామిక విప్లవం, ప్రపంచ యుద్ధాలు, దేశాల సరిహద్దుల మార్పు, వలసవాదం, సిద్ధాంతాలు. డైట్‌లో చదివే పిల్లలకు ఇంకా దగ్గరి అవసరం. తొమ్మిదో తరగతిలో ఫ్రెంచి విప్లవం, నాజీ జర్మనీ, పదో తరగతిలో ఐరోపాలో జాతీయవాదం పాఠాలు ఉన్నాయి. బడిలో సాంఘికశాస్త్రం చెప్పే పంతులమ్మకు తెలియని యూరప్ పిల్లలకు ఎక్కడి నుంచి వస్తుంది? అయితే ఉద్యోగం కోసమే ఈ చదువు అంటే నేను ఒప్పుకోను. లెక్కన చూస్తే దీనికంటే త్వరగా ఉద్యోగమిచ్చే కోర్సులు చాలా ఉన్నాయి.

'తెల్లోళ్ల చరిత్ర మనకెందుకు' అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు అయ్యదేవర కాళేశ్వరరావు గారిని గుర్తుచేస్తాను. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరైన ఆయన, జాతీయోద్యమ కాలంలో ఫ్రెంచి విప్లవ చరిత్రను తెలుగులో రాశారు. తెల్లదొరలతో పోరాడుతున్న కాలంలోనే, ఆ పోరాటం కోసమే రాశారు. అంతకుముందు 1907లో విజ్ఞాన చంద్రికా మండలి మొదటి పుస్తకంగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి అబ్రహాం లింకన్ చరిత్ర వేసింది. ఎవరి చరిత్ర అన్నది వాళ్లకు అడ్డం రాలేదు.

భాష సంగతి చెప్పి ముగించేస్తాను. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి చరిత్ర, రాజనీతి పుస్తకాలను తెలుగులో తెచ్చింది. వాటి వచనం కొన్నిచోట్ల గట్టిగా ఉంటుంది, అయినా మూడు తరాల పల్లెటూరి పిల్లలు వాటి మీదే పట్టభద్రులయ్యారు. ఇప్పుడు డిగ్రీ ఇంగ్లీషు మాధ్యమానికి మళ్లింది. నా సలహా: రెండూ పక్కపక్కన పెట్టుకోండి. తెలుగులో ఒకసారి చదివి విషయం పట్టుకోండి, తర్వాత ఇంగ్లీషులో ఎరిక్ హాబ్స్‌బామ్ విప్లవాల యుగం మీద 1962లో రాసిన పుస్తకం తీసుకోండి. ఆయన మార్క్సిస్టు, ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవండి. నచ్చకపోతే డేవిడ్ థామ్సన్ 'నెపోలియన్ తర్వాతి ఐరోపా' ఉంది. పాత కాలేజీ లైబ్రరీల్లో కెటల్‌బీ పుస్తకం అట్ట ఊడిపోయి ఇప్పటికీ దొరుకుతుంది. గైడు చివరి వారానికి ఉంచుకోండి.

తిరుపతిలో 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. చెన్నై ఎగ్మూరులో పాత మద్రాసు ప్రభుత్వ దస్తావేజుల భాండాగారం ఉంది. పుత్తూరులో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరొచ్చు. బొమ్మరాజు పాళెం మీద కంపెనీ నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలకు వెతకాల్సిన చోటు అది. వాటిని 1748, 1763, 1783 ఐరోపా ఒప్పందాల పక్కన పెట్టి చదివే పని మన పిల్లలకు దక్కాల్సిన పని. ఎం.ఏ.లో పరిశోధనా వ్యాసానికి విషయం కోసం వెతుక్కునే విద్యార్థులెవరైనా ఈ ప్రసంగం వింటుంటే, కార్వేటినగరం పేరు మీ గైడు మాస్టారికి చెప్పండి. ఉత్తరం రాసి సీటు అడగాల్సింది ఎగ్మూరు భాండాగారాన్ని.